పెద్దబాపు రెస్టు రోజులు

మా కాలనీ ఆడవాళ్లు పోయిన నెల ఒక బస్సు మాట్లాడుకున్నారు. శనివారం రాత్రి హన్మకొండలో ఎక్కితే ఆదివారం పొద్దున్నకు సముద్రం. స్నానాలు, భోజనాలు అక్కడే. సోమవారం తెల్లారేసరికి మళ్లీ ఎవరింట్లో వాళ్లు. పేర్లు రాసుకుంటూ తిరుగుతున్న అమ్మాయి మా ఇంటికీ వచ్చి, పిన్నీ, మీరు సముద్రం ఎప్పుడన్నా చూసిన్రా అని అడిగింది. చిన్నప్పుడు చూశానన్నాను. ఎవరితో పోయిన్రు అంది, మాటవరసకే. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. మోకాళ్ల నొప్పులని చెప్పి పంపించేశాను. ఆ అమ్మాయి గేటు వేసుకుని వెళ్లిపోయాక కూడా చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మేము కాజీపేటలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. బాపు లోకోషెడ్డులో ఖలాసీ. ఆయన డ్యూటీ దిగి వస్తుంటే ముందు బొగ్గూ నూనే కలిసిన వాసన వచ్చేది, దాని వెనకాల ఆయన వచ్చేవాడు. మాది ఒక గది, ఒక వంటిల్లు, ముందు రేకులు కప్పిన పంచ. అక్క, నేను, చెల్లె, ఉయ్యాలలో తమ్ముడు. అక్క అమ్మకు అన్ని పనుల్లోనూ కుడిచెయ్యి. చెల్లె అమ్మ కొంగు విడిచేది కాదు. తమ్ముడంటే సరేసరి, ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు. మధ్యలో నేను. నన్ను ఎవరూ తక్కువ చేశారని చెప్పను. ఎవరూ ప్రత్యేకంగా పిలిచేవాళ్లు కాదు, అంతే. అమ్మ నన్ను పిలవాలంటే ముందు అక్క పేరు, తర్వాత చెల్లె పేరు వచ్చి, ఆఖరికి నాది వచ్చేది.

పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. ఇద్దరూ కాశిబుగ్గలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాళ్లే. పెద్దమ్మను చేసుకున్నాయన మెట్రిక్ పాసై, రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు అయ్యాడు. ఆయన్ను మేము పెద్దబాపు అనేవాళ్లం. వాళ్లకు పిల్లలు లేరు. మూడేళ్ల కింద ఆయనకు కృష్ణ అవతల, సముద్రం దగ్గర ఒక చిన్న స్టేషనుకు బదిలీ అయింది. అప్పటినుంచి పెద్దమ్మ ఏడాదికొకసారి వచ్చి, నాలుగు రోజులుండి, మాకు జీడిపప్పు పెట్టి వెళ్లేది.

ఆ ఏడు మా పరీక్షలు కాగానే వచ్చింది. వచ్చిన మూడు రోజులూ అక్కాచెల్లెళ్లు వంటింట్లో కూచుని చిన్నగా మాట్లాడుకున్నారు. మేము నీళ్లకని లోపలికి పోతే మాట ఆపేవాళ్లు. నాలుగో రోజు పొద్దున అమ్మ నన్ను కూచోబెట్టి తలకు నూనె పెట్టింది. బాపు పంచలో బూట్లు తొడుక్కుంటూ, సముద్రం చూసి వస్తవా బిడ్డా అని అడిగాడు. పెద్దమ్మ వెంట సెలవులన్ని రోజులూ ఉండి రావచ్చట. అక్క నేను పోతానని ఏడ్చింది. వచ్చే ఏడు నువ్వు పోదువులే అంది అమ్మ. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. మా ముగ్గురిలో ఒకరిని ఎంచుకోవలసి వస్తే నన్ను ఎంచుకోవడం అదే మొదటిసారి.

అమ్మ నా బట్టలన్నీ సంచిలో పెట్టింది. మూడు గౌన్లు, బడి లంగా, చివరికి చలికాలం వేసుకునే ఉన్ని స్వెట్టరు కూడా. ఎండాకాలం స్వెట్టరెందుకే అని అక్క నవ్వింది. అమ్మ సంచి మూతి కట్టేసింది. తమ్ముడికి ఒళ్లు వెచ్చగా ఉందని స్టేషనుకు కూడా రాలేదు. బాపు వచ్చి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

పాసింజరు బండి. పెద్దమ్మ నన్ను కిటికీ పక్కన కూచోబెట్టి, నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. డోర్నకల్ దాటాక గుడ్డ మూట విప్పి సర్వపిండి తుంచి పెట్టింది. మాడిన నువ్వుల వాసన, ఇంజను పొగ వాసన కలిసి ఇప్పటికీ నాకు ప్రయాణమంటే అదే. కృష్ణ మీద వంతెన వచ్చినప్పుడు అందరూ పైసలు విసిరి దండం పెట్టుకున్నారు. పెద్దమ్మ కళ్లు మూసుకుని మిగతావాళ్లకంటే ఎక్కువసేపు మొక్కింది.

ఆ స్టేషనుకు రోజుకు ఆగే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్లాట్‌ఫారం దిగితే ఇసుక. ఇసుకలో నాలుగు క్వార్టర్లు, వాటి వెనక సరుగుడు తోటలు. గాలి ఒక్క క్షణం ఆగేది కాదు. తోట ఎప్పుడూ ఏదో గొణుగుతున్నట్టే ఉండేది. గాలి ఒకవైపు తిరిగితే ఎండుచేపల వాసన, ఇంకోవైపు తిరిగితే రాలిన సరుగుడాకు పొయ్యిలో కాలుతున్న వాసన. పెద్దమ్మ వాళ్లింట్లో నాకోసం నవారు మంచం అల్లించి ఉంది. కొత్త కంచం, కొత్త సబ్బు, సబ్బుకు పెట్టె. ఇవన్నీ నీయే అంది. మా ఇంట్లో ముగ్గురం ఒక చాప మీద పడుకునేవాళ్లం, చెల్లె కాలు ఎప్పుడూ నా పొట్ట మీదే. ఆ నవారు మంచం మీద ఎటు దొర్లినా ఎవరూ తగిలేవాళ్లు కాదు.

పక్క క్వార్టర్లో గ్యాంగు మేస్త్రీ కూతుళ్లు ఇద్దరుండేవాళ్లు, నా ఈడువాళ్లే. రెండో రోజు వాళ్లతో తొక్కుడుబిళ్ల ఆడి అలిసిపోయి, దూప అయితాంది, జర నీళ్లియ్యిమని అడిగాను. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. దూపం ఏంటే, గుళ్లో వేసేదా అంది పెద్దది. చిన్నది పడీపడీ నవ్వింది. సాయంత్రానికి నా పేరు దూప పిల్ల. తర్వాత నేను ఆకలన్నా నవ్వారు, పోదామన్నా నవ్వారు, ఊరికే నోరు తెరిచినా నవ్వారు. వాళ్లు చెడ్డపిల్లలు కారు, పొద్దుపోక నవ్వేవాళ్లు. కానీ నేను ఆడుకోవడానికి పోవడం మానేశాను.

పెద్దమ్మకు సంగతి తెలిసి నన్ను దగ్గరికి లాక్కుంది. తాను వచ్చిన కొత్తలో సంతలో ఆలుగడ్డ అని అడిగితే నలుగురూ చుట్టూ చేరి నవ్వారట. ఆర్నెల్లు ఏం కావాలన్నా వేలు చూపించే కొనుక్కుందట. ఈ ఊర్ల నాతోటి మనతీరు మాట్లాడెటోళ్లు మీ పెద్దబాపు ఒక్కడే, ఆయన మాట్లాడనే మాట్లాడడు అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. పెద్దమ్మ నడుం వాల్చేది. పెద్దబాపు డ్యూటీలో ఉండేవాడు, లేకపోతే రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకునేవాడు. నేను పంచలో కూచుని కచ్చకాయలాడుకునేదాన్ని, కుడిచెయ్యి ఒక జట్టు, ఎడమచెయ్యి ఒక జట్టు. కుడిచెయ్యి ఎప్పుడూ గెలిచేది. కొన్నాళ్లకు ఎడమచేతి మీద జాలేసి కావాలనే కుడిచేతిని ఓడించేదాన్ని. తంతి స్తంభానికి చెవి ఆనిస్తే లోపల జుమ్మని మోగేది. ఆ తీగెలు కాజీపేట దాకా పోతాయా అని పెద్దబాపును అడిగాను. పోతాయన్నాడు. ఆ తర్వాత రోజూ ఒకసారి వెళ్లి చెవి ఆనించి వచ్చేదాన్ని.

పెద్దబాపు పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే అది పండగ. కానీ వారానికొకసారి ఆయనకు రెస్టు వచ్చేది. ఆ రోజు తెల్ల యూనిఫారం విడిచి, పంచె కట్టుకుని, నల్ల గొడుగు తీసుకుని, తయారుగాండ్రి అనేవాడు. ఆ ఎండాకాలం ఒక్క రెస్టు రోజు కూడా మేము ఇంట్లో లేము.

మొదటిసారి సముద్రానికి వెళ్లాం. సరుగుడు కట్టెలకు పోయే ఎడ్లబండి మీద సగందూరం, మిగతాది ఇసుకలో నడక. ముందు చప్పుడు వినపడింది. రైళ్ల చప్పుడులోనే పుట్టి పెరిగినదాన్ని గనక బండి వస్తోందనుకుని పక్కకు జరిగి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా ఆ బండి రాదు. ఆఖరి ఇసుకదిబ్బ ఎక్కాక కనపడింది. అంత నీళ్లు చూసి నాకు సంతోషం కాలేదు, భయమైంది. పక్కనున్న చెయ్యి పట్టుకున్నాను. అది పెద్దబాపు చెయ్యి. ఆయన ఒకసారి కిందికి చూసి, చెయ్యి సర్దుకుని నా వేళ్లన్నీ లోపలికి వచ్చేటట్టు పట్టుకున్నాడు.

తడి ఇసుకలో కూచుని సర్వపిండి తిన్నాం, ఇసుకతో సహా. అల వచ్చి మొహం మీద కొడితే ఉమ్మేసి, నీళ్లు మంచిగ లేవు పెద్దబాపూ, ఎవరో ఉప్పు ఎక్కువేసిన్రు అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నేను వినడం అదే మొదలు. పెద్దమ్మ సముద్రం వైపు చూడటం మానేసి ఆయన వైపు చూసింది. చాలాసేపు చూసింది.

ఇంకో రెస్టుకు కాలవలో పడవ మీద జీడితోటకు వెళ్లాం. ఉప్పు బస్తాలు దింపి ఖాళీగా తిరిగిపోతున్న పడవ. ఒకడు గెడ వేస్తుంటే అంచుకు కాళ్లు వేలాడేసి కూచున్నాను. తోటంతా పండిన జీడిపండ్ల మత్తు వాసన. పండు తినొచ్చుగాని కింది గింజ కొరకొద్దని పడవతను రెండుసార్లు చెప్పాడు. అందుకే రెండు గింజలు గౌను జేబులో వేసుకుని, చెట్టు వెనక్కి పోయి ఒకటి కొరికాను. పెదవులు మండి, సాయంత్రానికి బొబ్బలెక్కి మూతి ఉబ్బింది. పెద్దమ్మ కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది. పెద్దబాపు నాకు నిద్ర పట్టేదాకా తాటాకు విసనకర్రతో విసురుతూ కూచున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ ఎందుకు కొరికినవని అడగలేదు. మా అమ్మైతే ముందు వీపు మీద ఒకటి వేసి, తర్వాత నూనె తీసేది. నేను ఆ దెబ్బ కోసం కాచుకునే ఉన్నాను. అది రాకపోయేసరికి, నేను ఈ ఇంటికి చుట్టాన్ని అని మొదటిసారి అనిపించింది. మంట కంటే దానికే ఎక్కువ ఏడ్చాను.

ఉప్పుమళ్లకు వెళ్లిన రోజు ఎండ చంపేసింది. నేలంతా అద్దాలు పరిచినట్టు మెరుస్తోంది. ఆడవాళ్లు గంపలతో ఉప్పు మోసుకొచ్చి కుప్పలు పోస్తున్నారు, కొన్ని కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. ఒక ముసలామె గంప దించి, నా అరచేతిలో చెక్కినట్టున్న ఉప్పుగల్లు ఒకటి పెట్టింది. నా గడ్డం పట్టుకుని, "అచ్చం మీ పోలికేనమ్మా మీ అమ్మాయి" అంది పెద్దమ్మతో. నా కూతురు కాదు, చెల్లెలి కూతురని పెద్దమ్మ అంటుందని చూశాను. ఆమె ఊఁ అంది. పెద్దబాపు వైపు చూశాను. ఆయన ఉప్పుకుప్పలు చూస్తున్నాడు. ఆ రోజు దారంతా పెద్దమ్మ కూనిరాగం తీస్తూ నడిచింది. సంతలో ఆగి నాకు ఎర్ర రిబ్బన్లు, రెండు డజన్ల గాజులు కొంది. చెల్లెకు కూడా ఒక డజను అన్నాను. తర్వాత చూద్దాం బిడ్డా అంది.

ఎండాకాలం సగం దాటాక ఒక రెస్టు రోజు, ఈసారి పట్నం చూద్దామన్నారు. పట్నమంటే నాలుగు స్టేషన్ల అవతలి ఊరు. నాకు ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి, రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది పెద్దమ్మ. పట్నంలో ముందు ఒకాయన ఇంటికి పోయాం. బడికి సెలవులు గనక హెడ్మాస్టరు గారిని ఇంటి దగ్గరే కలవాలని దారిలో చెప్పారు. ఆయనకు పెద్దబాపు అంటే గౌరవంలా ఉంది, మజ్జిగ ఇప్పించాడు. నన్ను ఎక్కాలు అడిగాడు, పేపరు చదవమన్నాడు. నేను పొంగిపోయి గడగడా చదివాను. ఆయన ఒక కాగితం ముందుకు లాక్కుని నా పేరు రాశాడు. తండ్రి పేరు దగ్గర ఆగి పెద్దబాపు వైపు చూశాడు. పెద్దబాపు వెంటనే చెప్పలేదు. పెద్దమ్మ చెప్పింది. పెద్దబాపు పేరు చెప్పింది.

ఆయన రాసుకున్నాడు. నేను తలకిందులుగానే అక్షరాలు కూడబలుక్కుని చదివాను.

"పెద్దమ్మా, సారు మా బాపు పేరు తప్పు రాసిండు" అన్నాను.

హెడ్మాస్టరు గారి కలం ఆగిపోయింది. లోపల ఎవరో రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. పెద్దబాపు లేచి, మళ్లీ వచ్చి కలుస్తానండీ అని దండం పెట్టి, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత హోటల్లో పూరీ తినిపించారు, ఐస్‌క్రీం ఇప్పించారు. ఏది తిన్నా నాకు రుచి తెలియలేదు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ నన్ను వంటింట్లో పీట మీద కూచోబెట్టి, తాను నేల మీద కూచుంది. చెప్పాలనుకున్నది ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక చీర కొంగు మడతలు పెడుతూ విప్పుతూ ఉంది.

"నిన్ను దొంగతనంగ తేలే బిడ్డా. మీ అమ్మా, మీ బాపూ ఒప్పుకున్నంకనే తెచ్చుకున్న" అంది.

ఇంక ఏం చెప్పిందో నాకు సరిగా గుర్తులేదు. ఇక్కడే చదువుకుంటావని, సెలవులకు అక్కాచెల్లెళ్లను చూసి రావచ్చని, అమ్మ ఎక్కడికీ పోదని, అమ్మకు తోడు ఇంకో అమ్మ అని, అలాంటివే. నేను ఒక్కటే ఆలోచిస్తున్నాను. అమ్మ ఆ స్వెట్టరు ఎందుకు పెట్టిందో తెలిసిపోయింది. నేను చలికాలంలో కూడా ఇక్కడే ఉంటానని అమ్మకు ఆ రోజే తెలుసు. తల దువ్వుతున్నప్పుడు తెలుసు. నన్ను ఎంచుకున్నారని నేను ఎగిరి గంతేసినప్పుడు కూడా తెలుసు.

తర్వాత వారం రోజులు నేను ఆ ఇంట్లో మాట్లాడలేదు. పెట్టింది కొంచెం తిని లేచేదాన్ని. పెద్దమ్మ మక్కగారెలు చేసింది, పచ్చిపులుసు చేసింది, మన ఊరి వంటలన్నీ చేసింది. ఒక పొద్దున జడ వేస్తుంటే అన్నాను, మా అమ్మ గిట్ల గట్టిగ గుంజదని. అది అబద్ధం. అమ్మే ఎక్కువ గుంజేది, ముగ్గురికి దువ్వే తొందరలో. పెద్దమ్మ వేళ్లు మెత్తగా ఉండేవి. నా మాట విని ఆ వేళ్లు ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది, ఎంత వదులుగా అంటే మధ్యాహ్నానికల్లా జడ ఊడిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లకు తాను ఎక్కడ కొడుతున్నదీ తెలియదని పెద్దలు అనుకుంటారు. నాకు తెలుసు.

ఇంక బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది. ఆ రెస్టు రోజు పెద్దమ్మ తలనొప్పని మంచం దిగలేదు. పెద్దబాపు, నేను మాత్రమే బయలుదేరాం. కాలవ వెంట నడిచి నడిచి, అది సముద్రంలో కలిసే చోటికి చేరుకున్నాం. దాన్ని అక్కడ మొగ అంటారు. ఇవతల మట్టిరంగు నీళ్లు, అవతల నీలంరంగు నీళ్లు, మధ్యలో నురుగు గీత. మనుషులెవరూ లేరు. దూరంగా రెండు పడవలు ఇసుకలోకి లాగి పెట్టి ఉన్నాయి.

పెద్దబాపు గొడుగు ఇసుకలో గుచ్చి, దాని నీడలో నన్ను కూచోబెట్టి, తాను ఎండలో కూచున్నాడు. మరచెంబు మూత తిప్పి, దూప అయితాందా అన్నాడు. నెలన్నర తర్వాత ఆ మాటకు ఎవరూ నవ్వని చోట నీళ్లు తాగాను. తాగి చెంబు ఇచ్చాక ఆయన అడిగాడు.

"నీ ఇష్టం బిడ్డా. మాతోని ఉంటవా, మీ ఇంటికి పోతవా? ఏది చెప్పినా నాకు కోపం రాదు."

"పోత" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఇద్దరం కొంతసేపు అక్కడే కూచున్నాం. తర్వాత ఆయన లేచి, పంచెకున్న ఇసుక దులుపుకుని, గొడుగు పీకి భుజాన వేసుకున్నాడు. వచ్చిన దారినే ఇంటికి వచ్చాం.

రెండు రోజులకు ఆయన ఒక్కడే నన్ను బండెక్కించుకున్నాడు. తన పాసులో నా పేరు లేదు గనక నాకు అర టికెట్టు తీసుకున్నాడు. పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చి, మంచిగ చదువుకో అని మాత్రం అంది. నా సంచి తానే సర్దింది. కొత్త కంచం, సబ్బుపెట్టె కూడా అందులో పెట్టింది.

కృష్ణ దాటింది, ఖమ్మం దాటింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. మానుకోట దాటాక, బండి ఒక సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు, నా వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"మీ పెద్దమ్మ మీద మనసుల ఏం పెట్టుకోకు. పిల్లను తెచ్చుకుందామన్నది నేను. తన చెల్లెకు కడుపుకోత పెట్టద్దని ఆమె రెండేండ్లు నన్ను ఆపింది."

ఇన్నాళ్లూ పెద్దమ్మే నన్ను పట్టి ఉంచిందనీ, ఆయన ఊరికే గొడుగు పట్టుకుని వెంట వచ్చాడనీ అనుకున్నాను.

మేము వెళ్లేసరికి అమ్మ పంపు దగ్గర బట్టలు ఉతుకుతోంది. ముందు నన్ను చూడలేదు, ఆయన మొహం చూసింది. ఏమాయె బావా అని అడిగింది. పిల్ల ఇంటి మీద మనాది పెట్టుకున్నది, నీ బిడ్డ నీ దగ్గరనే ఉండనీ అన్నాడు ఆయన. అమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని నా తల మీద చెయ్యి పెట్టింది, పెట్టి వెంటనే తీసేసింది. బాపు డ్యూటీలో ఉన్నాడు. ఉండి పొమ్మన్నా వినకుండా పెద్దబాపు చాయ తాగి సాయంత్రం బండికే వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే అంతా మునుపటిలాగే ఉంటుందనుకున్నాను. నా పలక చెల్లెదైపోయింది. బట్టలు పెట్టుకునే గూట్లో నా వాటాలో తమ్ముడి బట్టలున్నాయి. చాప మీద అక్కా చెల్లే బారజాపుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నారు. జర జరుగున్రి అని అమ్మ అంటే జరిగారు. నేను వాళ్ల మధ్యన చేతులు దగ్గరికి ముడుచుకుని పడుకున్నాను. కొత్త కంచం మాత్రం నాకొద్దని అటక మీద పెట్టించాను. చాలా రోజులు అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. గిన్నె కిందపడేసినా, తమ్ముణ్ని ఏడిపించినా ఊరుకుంది. అన్నం మిగతావాళ్లకంటే ముందు నాకే పెట్టేది, పెట్టేటప్పుడు నా కళ్లలోకి చూసేది కాదు. నేను ఇక్కడా చుట్టాన్నే అయ్యాను.

ఒక్కసారి, బియ్యం ఏరుతూ, చాట మీది చూపు తీయకుండా అంది. "ఆడ ఉంటే మంచిగ చదువుకునేదానివి. నీ మంచికే అనుకున్న." ఆ మాట తర్వాత మా ఇద్దరి మధ్య ఆ సంగతి మళ్లీ రాలేదు, అమ్మ పోయేదాకా.

నేను చదువుకున్నాను, టీచరునయ్యాను. మా ముగ్గురి పెళ్లిళ్లకూ పెద్దమ్మ వచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క చీర, ముగ్గురివీ ఒకే ధర, ఒకే నేత. నాకు ఒక్క రిబ్బను కూడా ఎక్కువ తేలేదు. ఎవరూ ఏమీ అనుకోకూడదని ఆమె ఎంత జాగ్రత్తపడిందో నాకు మాత్రమే తెలుసు. పెద్దబాపు రిటైరు కాకుండానే, ఇంకా దూరం బదిలీ అయిన ఒక స్టేషనులో గుండెపోటుతో పోయాడు. అప్పటికి నేను ట్రైనింగులో ఉన్నాను. టెలిగ్రాం అందుకుని నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. తర్వాత పెద్దమ్మ కాశిబుగ్గకు వచ్చి తాతగారి ఇంట్లో ఒక గదిలో ఉంది. నేను ఆదివారాలు వెళ్లి ఆమెతో తిని వచ్చేదాన్ని. కూరగాయల ధరల నుంచి కోడళ్ల ముచ్చట్ల దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్లం. ఆ ఎండాకాలం గురించి ఆమె తీయలేదు, నేను తీయలేదు. ఆమె కూడా పోయి పన్నెండేళ్లు దాటింది.

ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చేసిన పిల్లనని మా వాళ్లందరూ చెప్పుకుంటారు. నేను కూడా పిల్లలకు అలాగే చెప్పాను. అందులో అబద్ధం లేదు, కానీ ఒక ముక్క తక్కువ. ఆ రోజు మొగ దగ్గర పోత అని అన్నాను గాని, నన్ను పంపేసిన ఇంటికి పోవాలని నాకు నిజంగా లేదు. ఉండరాదా బిడ్డా అని ఆయన ఇంకొక్కసారి అంటే ఉండిపోదామని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను. నాకు ఎవరో ఒకరు రెండోసారి అడగడం కావాలి. ఆయనేమో పసిపిల్లను ఇరకాటంలో పెట్టకూడదనుకున్నాడు. నా మాటకు విలువ ఇచ్చినవాళ్లలో ఆయనే మొదటివాడు, ఆ విలువ ఇవ్వడం వల్లనే ఊరుకున్నాడు. ఇది తెలియడానికి నాకు నా పిల్లలు పెద్దవాళ్లు కావలసి వచ్చింది.

అక్కడ ఎంతసేపు కూచున్నామో చెప్పలేను. ఆయన రెండు రంగుల నీళ్లు కలిసే గీత వైపు చూస్తున్నాడు. నేను ఆయన పెదవుల వైపు చూస్తున్నాను.